షార్ట్ ట్రాకా, లాంగ్ ట్రాకా?

మంచు మీద స్పీడ్ స్కేటింగ్ (స్కేట్లతో పరుగు పందెం) ఈ రెండు రకాలు. చక్రాల స్కేటింగ్ వదిలి మంచు మీదికి వచ్చేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే.

చోటు: షార్ట్ ట్రాక్ చుట్టు 111.12 మీటర్లు. ఐస్ హాకీ ఆడే 60×30 మీటర్ల రింక్ చాలు. డెహ్రాడూన్‌లో అలాంటిది ఉంది. లాంగ్ ట్రాక్‌కు 400 మీటర్ల ఓవల్ కావాలి. మన పిల్లలకు అసలు చిక్కు ఇక్కడే.

బ్లేడు: షార్ట్ ట్రాక్‌లో బూటుకు కదలకుండా బిగిస్తారు, ఎడమకు జరిపి, మలుపు వైపు కాస్త వంచుతారు. నడిమధ్యన బిగిస్తే, బాగా వాలినప్పుడు బూటు అంచు మంచుకు రాసుకుని బ్లేడు పట్టు తప్పుతుంది, మనిషి జారి గోడకు కొట్టుకుంటాడు. లాంగ్ ట్రాక్‌ది క్లాప్ స్కేట్: మడమ లేచినా బ్లేడు మంచును వదలదు.

ప్రమాదం: షార్ట్ ట్రాక్‌లో గుంపుగా పరుగు. హెల్మెట్, మెడ కవచం, కోత పడని సూటు లేకుండా దిగకూడదు. వేగం ఒక్కటే గెలిపించదు: 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్ 1000 మీటర్ల ఫైనల్లో ముందున్న నలుగురూ పడిపోతే, వెనకున్న ఆస్ట్రేలియా స్కేటర్ స్టీవెన్ బ్రాడ్‌బరీకి స్వర్ణం దక్కింది. లాంగ్ ట్రాక్‌లో ఎక్కువగా ఇద్దరే, వేర్వేరు లేన్లలో, గడియారంతో పోటీ.

సందు చూసి దూరే తెగువ, మలుపులో నిలకడ ఉంటే షార్ట్ ట్రాక్. ఒకే లయలో పొడవాటి అడుగులు వేయగలిగితే, విదేశంలో శిక్షణ ఖర్చు భరించగలిగితే లాంగ్ ట్రాక్. తర్వాత మారొచ్చు కూడా: నెదర్లాండ్స్ స్కేటర్ యోరీన్ టెర్ మోర్స్ 2018 ఒలింపిక్స్‌లో రెండింటిలోనూ పతకాలు గెలిచింది.