బరంపురంలో కుక్క చర్మం బయాప్సీ: కోత బాగుంది, చీటీ బాగోలేదు

బొచ్చు ఊడిందంటే గజ్జి సూది పొడిచేయడం మనకు అలవాటైపోయింది. బరంపురంలోని ఈ క్లినిక్ ఆ తొందర పడదు. ముందు రక్తం చెమర్చేదాకా చర్మాన్ని బ్లేడుతో గీకి డెమోడెక్స్ అనే, కంటికి కనబడని చర్మపు పురుగు కోసం చూస్తారు. టేపు అంటించి బాక్టీరియా వెతుకుతారు. తామర అనుమానముంటే వెంట్రుకలు పీకి కల్చర్‌కు (ల్యాబ్‌లో పెంచి చూసేందుకు) పంపుతారు. ఫాలికిల్ (వెంట్రుక మొలిచే గుంట) వాపుకు పెద్ద కారణాలు ఈ మూడే, చాలావరకు కోత, అంటే చర్మం ముక్క తీసి ల్యాబ్‌లో చూసే బయాప్సీ, లేకుండానే దొరుకుతాయి. షార్‌పే జాతి కుక్కల్లాంటి మందపు చర్మంలో మాత్రం గీకినా పురుగు చిక్కకపోవచ్చు.

కోసే పద్ధతి నిజంగా మెచ్చుకోదగ్గది. 6 మి.మీ. పంచ్ అనే గుండ్రంగా కోసే పనిముట్టుతో 3 నుంచి 5 ముక్కలు తీస్తారు: బాగా ఊడినచోట, అంచున, మామూలు చర్మంలో. బొచ్చు కత్తిరిస్తారే గాని స్పిరిట్‌తో రుద్దరు, ఎందుకంటే పైనున్న పొక్కుల్లో కూడా ఆధారం ఉంటుంది. పంచ్‌ను ఒకే వైపు తిప్పుతారు. అటూ ఇటూ తిప్పితే ముక్క మెలిపడి పాడవుతుంది. ముక్కను కింది కొవ్వు దగ్గర మెల్లగా పట్టి, ముక్కకు పదింతలుండేలా పోసిన 10 శాతం ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా కాపాడే ద్రవం) వేస్తారు.

లోపం రెండుచోట్ల. వెంట్రుక వాలు ఎటో పెన్నుతో గీత పెట్టరు. అది లేకపోతే ల్యాబ్‌లో అడ్డదిడ్డంగా కోస్తారు, కుదురు నుంచి పైదాకా ఫాలికిల్ ఒకే స్లైడులో కనిపించదు. ఇక ల్యాబ్‌కు పంపే చీటీలో 'చర్మవ్యాధి' అన్న ఒక్క మాటే! జాతి, వయసు, ఎన్నాళ్లనుంచి, ఏ మందులు వాడారు అన్నవి మీరే దగ్గరుండి రాయించండి. స్టెరాయిడ్ మాత్రలు ఆపి 2-3 వారాలైనా కావాలి. ఎక్కువకాలం పనిచేసే సూదైతే 6-8 వారాలు. లేదంటే వాపు అణిగిపోయి స్లైడు తప్పుదారి పట్టిస్తుంది.

రిపోర్టును తెలుగులో ఓపిగ్గా విప్పి చెబుతారు. కుదురు చుట్టూ లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) తేనెటీగల్లా ముసిరితే అలోపేసియా ఏరియేటా, అంటే ఒంటి రక్షణ కణాలే వెంట్రుకల మీద దాడిచేసే జబ్బు. నూనె గ్రంథులే మాయమైతే సెబేషియస్ అడినైటిస్, అంటే ఆ గ్రంథుల వాపు జబ్బు. బూడిదరంగు డాబర్‌మన్ వెంట్రుకల్లో మెలనిన్ అనే రంగు పదార్థం ముద్దకడితే రంగుకు సంబంధించిన పుట్టుక లోపం. ఫాలికిళ్లన్నీ కుంచించుకుపోయి ఎదుగుదల ఆగితే హార్మోన్ తేడాను అనుమానించాలి. అది థైరాయిడా, కుషింగ్సా (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) అన్నది స్లైడు తేల్చలేదు, రక్తపరీక్ష చేయాల్సిందే. ఈ మాట కోతకు ముందే చెబితే బాగుండేది.

కుట్లు 10-14 రోజులకు తీయాలి. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లు అందుకోసం మళ్లీ రానక్కర్లేదు, దగ్గరి పశువైద్యుడు తీసేస్తారు.