పదకొండేళ్లుగా 3.4: డేటాసెట్ లిస్టు సేవ్ చేయడం, ప్రింట్ తీయడం

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలోని ఒక క్లయింట్ మెయిన్‌ఫ్రేమ్‌కి (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) సపోర్ట్ చేస్తున్నాను. పదకొండేళ్లయింది. లాగిన్ అవగానే ముందు తెరిచేది ఐఎస్‌పీఎఫ్‌ (మెయిన్‌ఫ్రేమ్‌లో మెనూలతో పని చేయించే సాఫ్ట్‌వేర్) లో 3.4, అంటే డేటాసెట్ల లిస్టు చూపించే ప్యానెల్. మెయిన్‌ఫ్రేమ్‌లో ఫైళ్లనే డేటాసెట్లు అంటారు. దాన్ని అందరూ వాడతారు. కానీ ఆ లిస్టును దాచుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. మా టీమ్‌లో కొత్తగా వచ్చినవాళ్లు పేజీ తర్వాత పేజీ స్క్రీన్‌షాట్ తీసి వర్డ్‌లో అతికిస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

లిస్టు తెర మీద ఉండగా కమాండ్ లైన్‌లో సేవ్ అని కొట్టి, పక్కన ఒక పేరు ఇస్తే చాలు. సేవ్ బిఫోర్ అన్నామనుకోండి, ముందు మన యూజర్ ఐడీ, మధ్యలో బిఫోర్, చివర డేటాసెట్స్ అనే పేరుతో సీక్వెన్షియల్ (రికార్డులు వరుసగా ఉండే) ఫైలు తయారవుతుంది. 80 కాలమ్‌ల తెర మీద ఒకేసారి పట్టని ట్రాకులు (డిస్కు మీద స్థలానికి కొలత), రికార్డ్ పొడవు, వాల్యూమ్ (ఫైలు ఉన్న డిస్కు), చివరిసారి వాడిన తేదీ అన్నీ ఆ ఫైల్లో వరుసగా ఉంటాయి. నేను ముందు ట్రాకుల ప్రకారం సార్ట్ చేసి, ఆ తర్వాతే సేవ్ కొడతాను. స్పేస్ ఎవరు తింటున్నారో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

నన్ను బాగా ఏడిపించినవి రెండున్నాయి. ఒకటి, అదే పేరుతో మళ్లీ సేవ్ చేస్తే పాత లిస్టు మీదే కొత్తది రాసేస్తుంది, అడగదు. తేదీని పేరుగా పెడదామంటే పేరు అంకెతో మొదలవకూడదు, ఎనిమిది అక్షరాలు దాటకూడదు. అందుకే ముందు డి చేర్చి డి0714 లాగా పెడుతున్నాను.

రెండోది పేరు ఇవ్వకుండా సేవ్ కొట్టడం. అప్పుడు లిస్టు సొంత ఫైల్లోకి పోదు, ఐఎస్‌పీఎఫ్ వాడే లిస్ట్ డేటాసెట్‌లోకి, అంటే ప్రింట్ చేయాల్సినవి పోగుచేసే ఫైల్లోకి పోతుంది. 3.4 ప్యానెల్‌లో పి అని ఇచ్చి ప్రింట్ అడిగినా అంతే. కాగితం వెంటనే రాదు. ఒక రాత్రి షిఫ్టులో, పాత ఫైళ్లు తుడిచే పనికి ముందు ఇలాగే లిస్టు తీసి లాగాఫ్ అయ్యాను. నా సెట్టింగుల్లో లిస్ట్ డేటాసెట్‌ను ప్రింట్ చేయకుండా డిలీట్ చేసేయమని ఉంది. పొద్దున "తుడవకముందు ఏమేం ఉన్నాయి?" అని అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ టెన్షన్ నాకింకా గుర్తుంది. ఆ రోజే ఆప్షన్ 0లోకి వెళ్లి, లాగ్, లిస్ట్ సెట్టింగుల్లో డి తీసేసి కె పెట్టాను, అంటే ఉంచమని. ప్రింట్ కావాల్సినప్పుడు మాత్రం లిస్ట్ అని కొట్టి పిడి ఎంచుకుంటాను. ప్రింట్ చేసి, ఆ తర్వాత డిలీట్ చేస్తుంది.

మైగ్రేట్ అయిపోయిన (చాన్నాళ్లు వాడక వేరే నిల్వకు తరలిపోయిన) డేటాసెట్లకు వాల్యూమ్ దగ్గర మైగ్రాట్ అని వస్తుంది, సైజు కాలమ్‌లు ఖాళీగా ఉంటాయి. కాబట్టి ఈ లిస్టులోని ట్రాకులు కూడి "మొత్తం ఇంత స్పేస్" అని ఎవరికీ మాటివ్వకండి.

నాకు ఎక్కువ ఉపయోగపడింది మాత్రం మార్పుకు ముందు ఒక లిస్టు, తర్వాత ఒక లిస్టు సేవ్ చేసి, రెండు ఫైళ్ల మధ్య తేడాలు చూపించే సూపర్‌సీ టూల్‌తో పోల్చడం. ఏ ఫైలు పోయిందో, ఏది కొత్తగా వచ్చిందో క్షణాల్లో బయటపడుతుంది. అయితే వాడిన తేదీ మారినా ఆ లైను తేడాగానే కనిపిస్తుంది, అందుకే రెండు లిస్టులకూ కాపీలు తీసి, పేర్ల కాలమ్ వరకే ఉంచి పోలుస్తాను.

వేల పేర్లు ఉన్నప్పుడు, లేదా రోజూ అదే టైముకి కావాల్సినప్పుడు 3.4 జోలికి పోను. ఐడీక్యామ్స్ అనే యుటిలిటీతో లిస్ట్‌క్యాట్ (కేటలాగ్‌లోని డేటాసెట్ల పేర్లు రాసిచ్చే కమాండ్) జాబ్ రాసి షెడ్యూల్‌లో పెడతాను. చేత్తో అప్పటికప్పుడు తీసే లిస్టుకైతే పదకొండేళ్లలో ఈ సేవ్ కన్నా తేలికైన దారి నాకు దొరకలేదు.