తేలినీలాపురం, తేలుకుంచి: కొంగల కోసం రెండు రోజులు

శ్రీకాకుళం జిల్లాలోని ఈ రెండు ఊళ్లనూ ఒకే ప్రయాణంలో చూడాలంటే నవంబరులో వెళ్లండి. తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు జూన్‌లో తొలకరితో వస్తాయి, డిసెంబరు దాటితే ఉండవు. తేలినీలాపురానికి గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వానలు తగ్గుతుండగా చేరతాయి. నవంబరులో రెండు చోట్లా సందడే.

రాత్రి తేలినీలాపురానికి దగ్గర్లోని టెక్కలిలో దిగాం. లాడ్జిలో ఫోన్లో చెప్పిన అద్దె ఒకటి, తీసుకున్నది ఒకటి. తెల్లారేదాకా నీళ్లు లేవు. పిల్లలతో వెళ్లేవాళ్లు శ్రీకాకుళంలోనే గది తీసుకుని చీకటితో బయల్దేరడం మేలు. ఆటో అబ్బాయి మాత్రం మూడు గంటలు ఆగి కూడా అనుకున్న దానికంటే ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు.

తేలినీలాపురంలో వాచ్ టవర్ ఎక్కి చూస్తే గూడబాతులు ముక్కున పుల్లలు పట్టుకుని చింతచెట్ల మీద వాలుతున్నాయి. అంత బరువైన పక్షి అంత సన్నని కొమ్మ మీద ఎలా నిలబడుతుందో ఎంతసేపు చూసినా తెలియలేదు. ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది చెబుతారు, కానీ ఈ గూడబాతులు మన దక్షిణాసియావే. గూళ్లలో పక్షి పిల్లల్ని చూడాలనుకుంటే జనవరిలో వెళ్లండి.

నాకు మాత్రం తేలుకుంచే ఎక్కువ నచ్చింది. ఇచ్ఛాపురంలో టిఫిన్ తిని వెళ్లాం (ఊళ్లో మాకు హోటలు గానీ మరుగుదొడ్డి గానీ కనిపించలేదు). అక్కడ పక్షులు ఇళ్ల మీదే ఉంటాయి. పెరట్లో చెట్టు, చెట్టు నిండా గూళ్లు, కింద రెట్టల వాసన. ఈ కొంగలకు పాట లేదు, ముక్కులు టకటకలాడిస్తాయి. మూసినా మధ్యలో సందు మిగిలే ఆ ముక్కుతోనే పొలాల్లో నత్తల్ని ఏరుకు తింటాయి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ ఉద్దానం ప్రాంతం మీద విరుచుకుపడింది. గూళ్లలో పిల్లలుండే కాలం అది. చెట్లు పడ్డాక మిగిలిన కొమ్మలు ఎంత విలువైనవో అక్కడే అర్థమైంది.

ఒక పెంకుటింటి మీదికి పెద్ద కొమ్మ వంగి ఉంది. వాకిట్లో రెట్టలు కడుగుతున్న పెద్దావిడని, "కొట్టించలేదేం అమ్మా?" అని అడిగాను.

"ఇయ్యి వొచ్చినాకే మాకు నాట్లు, బాబూ. పిల్లలు ఎగిరెల్లనీ, అప్పుడు సూద్దాం" అంది. ఆ మాట కిందటేడూ అన్నదేనట.