రసగోలా, పూరీ, ఛెనాపోడ: నడకకు ముందా, తర్వాతా, భోజనం వెంటా?

మా బరంపురంలో పొద్దున ఆరున్నరకి ఏ మైదానం దగ్గరికి వెళ్ళినా రెండు గుంపులు కనిపిస్తాయి. చుట్లు తిరిగేవాళ్ళు ఒకటి, తిరగడం అయ్యాక బండి దగ్గర నిలబడి బరా-ఘుగుని (నూనెలో వేయించిన గారెలు, బఠాణీ కూర) తినేవాళ్ళు రెండోది. చాలామంది రెండు గుంపుల్లోనూ ఉంటాం. "నడిచాం కదా, ఇప్పుడు తింటే ఏమీ అవదు" అన్న మాట నేనూ కొన్నేళ్ళు అన్నాను.

తీపి, నూనె వంటలు మానేయమని ఎవరికీ చెప్పను. పెళ్ళంటే రసగోలా ఉంటుంది, దసపల్లా వైపు నుంచి ఎవరొచ్చినా ఛెనాపోడ (ఛెనా, అంటే విరిచిన పాల ముద్ద, కాల్చి చేసే తీపి) తెస్తారు, ఆదివారం పూరీ చేయకపోతే ఇంట్లో మాట వస్తుంది. అయితే ఎప్పుడు తింటున్నాం అన్నది పట్టించుకోవాలి. వ్యాయామానికి ముందు, అయిన వెంటనే, లేదా భోజనం చివర తిని ఆ తర్వాత నడవడం. ఈ మూడూ మా ఇంట్లోనే చూశాను.

ముందు తినడం సంగతి నా మేనల్లుడి దగ్గర తెలిసింది. పర్లాకిమిడి నుంచి వచ్చి మా ఇంట్లో ఉండి ఆర్మీ సెలక్షన్‌కి 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నాడు. ఒకరోజు బలంగా ఉంటుందని తెల్లవారుజామునే లేచి నాలుగు పూరీలు, బంగాళాదుంప కూర నేనే పెట్టాను. అరగంటలో మైదానానికి వెళ్ళాడు. 400 మీటర్ల చుట్టు నాలుగుసార్లు తిరగాలి. మూడో చుట్టులో పక్కకి తప్పుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. తిన్నదంతా కక్కేశాడు. "అత్తా, పొట్టలో పిండిముద్ద అలాగే కూర్చుంది" అన్నాడు. తప్పు వాడి కాళ్ళది కాదు, నా పూరీలది. కొవ్వు కడుపులోంచి నెమ్మదిగా కిందికి దిగుతుంది. పరిగెత్తేటప్పుడు రక్తం ఎక్కువగా కాళ్ళ కండరాలకి వెళ్ళిపోతుంది, పొట్టకి తగ్గుతుంది. అరగని నూనె పదార్థం పైకి తన్నేది అందుకే. పూరీ తింటే కనీసం మూడు గంటలు ఆగాలని అప్పటినుంచి మా ఇంట్లో నియమం. అది తెల్లవారుజామున కుదిరే పని కాదు కాబట్టి, పరుగు రోజున పూరీ లేదు.

మరి పరుగుకి ముందు రసగోలా? పూరీ కంటే నయం. అందులో కొవ్వు తక్కువ, పాకం త్వరగా ఒంటికి పడుతుంది. కానీ అవసరం పెద్దగా లేదు. గంటలోపు వ్యాయామానికి కండరాల్లో, కాలేయంలో దాచుకున్న చక్కెర నిల్వే సరిపోతుంది. పైగా ఉత్తి తీపి తిన్న అరగంటకి పరుగు మొదలుపెడితే కొందరికి షుగర్ ఒక్కసారి దిగి నీరసంగా అనిపిస్తుంది. మా వాడికి గంట ముందు ఒక అరటిపండు పడింది, అదే కొనసాగిస్తున్నాడు.

వ్యాయామం అయిన వెంటనే తినడంలో మాత్రం మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంది. మా ఊరు బరువులెత్తే కుర్రాళ్ళ ఊరు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన కె. రవికుమార్ ఇక్కడివాడే. అలా గంటలకొద్దీ ఒళ్ళు వంచేవాళ్ళ కండరాల్లో చక్కెర నిల్వ బాగా తరిగిపోయి ఉంటుంది. పని చేసిన కండరం ఆ కాసేపు రక్తంలోని చక్కెరని మామూలుకంటే చురుగ్గా లాక్కుంటుంది. మొదటి రెండు గంటల్లో నిల్వ నింపుకునే వేగం ఎక్కువ. సాయంత్రం మళ్ళీ సాధన ఉన్నవాడికి అది నిజంగా ఉపయోగం. మా మేనల్లుడు పరుగు తర్వాత రెండు గుడ్లతో పాటు ఒక రసగోలా తింటే నేను కాదనను.

నా నడక అలాంటిది కాదు. పక్కింటి వదినతో కబుర్లు చెప్పుకుంటూ నలభై నిమిషాలు. మహా అయితే 150 కేలరీలు ఖర్చవుతాయి. ఒక పెద్ద రసగోలాతో అవి తిరిగి వచ్చేస్తాయి. బరా-ఘుగుని ప్లేటైతే నడిచిన దానికంటే ఎక్కువే ఎక్కించుకున్నట్టు. గ్రాము చక్కెరకి 4 కేలరీలు, గ్రాము నూనెకి 9. పైగా కండరం దాచుకునేది చక్కెరని, బరాలోని నూనెకి నడక తర్వాత ప్రత్యేకమైన చోటేమీ ఉండదు. నడక వెంటనే తిండి అని అలవాటు చేసుకున్నాక రోజూ తినేవాళ్ళం, అసలు ఇబ్బంది అదే. పండగకి తినేది పొద్దుటి తిండి అయిపోయింది. ఇప్పుడు బండి దగ్గర నేను ఆగడం వారానికి ఒకసారి. వదినకి మొదట్లో కోపం వచ్చింది.

నలభై దాటిన మామూలు మనుషులకి నేను మొగ్గేది మూడో దారికి: భోజనం చివర కొంచెం తీపి, ఆ తర్వాత నడక. భోజనంలోని పప్పు, కూర, పెరుగు ఉంటే తీపి మెల్లగా రక్తంలోకి వెళ్తుంది. తిన్న గంట, గంటన్నర లోపు షుగర్ పైకి ఎక్కే సమయంలో కాళ్ళు ఆడుతుంటే కండరాలు అందులో కొంత తీసేసుకుంటాయి. దీనికి మైదానం అక్కర్లేదు, బూట్లు అక్కర్లేదు. భోజనమయ్యాక పావుగంట, ఇరవై నిమిషాలకి లేచి పదిహేను నిమిషాలు వీధి చివరి గుడిదాకా వెళ్ళి వస్తే చాలు. మా ఆయనకి షుగర్ ఉంది, ఇంట్లో మీటరుంది. నడిచిన రోజుకీ, తిని పడుకున్న రోజుకీ సంఖ్యలో తేడా నా కళ్ళతో చూశాను. పొద్దుటి నడక వల్ల వచ్చే మేలు వేరే, అది మానమని చెప్పడం లేదు.

ఛెనాపోడకి కూడా ఈ భోజనం చివరి చోటే సరైనది. తాజా ఛెనాలో చక్కెర కలిపి సాల ఆకుల్లో చుట్టి గంటలకొద్దీ నిప్పు మీద కాలుస్తారు. అంచు నల్లగా మాడి, ఆకు వాసన పట్టి ఉంటుంది. ఆ అంచు ముక్క కోసమే మా ఇంట్లో పోటీ. కానీ అందులో చక్కెరతో పాటు పాల కొవ్వూ ఉంది, పరుగుకి ముందు పనికిరాదు. అగ్గిపెట్టంత ముక్క, మధ్యాహ్నం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్కలో, 2000 కేలరీలు తినే మనిషికి పైనుంచి కలిపే చక్కెర రోజుకి 50 గ్రాములు దాటకూడదు, 25 లోపైతే ఇంకా మేలు. టీలు లెక్కేస్తే ముక్కకి మిగిలేది తక్కువే.

షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు తీపికీ తీపికీ తేడా తెలుసుకుని తీరాలి. గోపాల్‌పూర్ తీరంలో ఒక సాయంత్రం మా ఆయన ఇసుకలో గంట నడిచారు. మధ్యాహ్నం సరిగా తినలేదు, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర మాత్రం వేసుకున్నారు. ఉన్నట్టుండి చెమటలు, చేతులు వణుకు. మాట తడబడింది. నా సంచిలో పూరీ జగన్నాథ క్షేత్రం నుంచి తెచ్చిన ఖాజా ఉంది, అదే నోట్లో పెట్టాను. నమిలారు, మింగారు, వణుకు తగ్గలేదు. నాకు కాళ్ళు ఆడలేదు. టీ కొట్టు అబ్బాయి చూసి, గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల చక్కెర కలిపి తెచ్చాడు. తాగాక పది నిమిషాల్లో మనిషి తేరుకున్నారు.

ఖాజా తియ్యనిదే, కానీ నూనెలో వేగింది. ఆ కొవ్వు చక్కెరని కడుపులో ఆపేస్తుంది. లడ్డూ, చాక్లెట్ కూడా అంతే. షుగర్ పడిపోయినప్పుడు కావలసింది 15 గ్రాముల ఉత్తి చక్కెర, అంటే సుమారు మూడు చెంచాలు, లేదా గ్లూకోజ్ పొడి. పావుగంటకి వణుకు, చెమటలు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకీ ఇదే. నడక ఎక్కువ చేయబోయే ముందు మాత్రల సంగతి డాక్టర్‌ని అడగాలి.

ఇప్పుడు ఆయన చొక్కా జేబులో ఒక గ్లూకోజ్ పొట్లం ఉంటుంది. ఉతికే ముందు తీసి గూట్లో పెడతాను, ఇస్త్రీ అయ్యాక మళ్ళీ అదే జేబులో పెడతాను.