వెస్ట్ కెన్నెట్‌లో ఐదు రాతి గదులు

ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ రాతివలయానికి రెండుసార్లు వెళ్లాం. రెండుసార్లూ తాడు అవతల నిలబడి చూసి వచ్చాం. అదే విల్ట్‌షైర్ కౌంటీలో, ఏవ్‌బరీకి దగ్గర్లో ఉన్న వెస్ట్ కెన్నెట్ సమాధికి టికెట్ లేదు, కాపలా లేదు. నేరుగా లోపలికి నడిచిపోవచ్చు. ఇంగ్లండ్‌కి వచ్చిన అమ్మానాన్నలకు ఒక్క ప్రాచీన రాతి కట్టడమే చూపించగలిగితే నేను దీన్నే చూపిస్తాను.

కారు ఏ4 రోడ్డు పక్కన చిన్న జాగాలో పెట్టుకోవాలి. శనివారం పదిన్నరకే అది నిండిపోయింది, ఇరవై నిమిషాలు తిరిగాం. తొమ్మిదిలోపు వెళ్లండి. అక్కడి నుంచి పొలం గట్టు మీదుగా దాదాపు 800 మీటర్ల దూరం ఎగువకు నడక. వాన పడితే బురదే, బూట్లు తప్పనిసరి. టాయిలెట్లు లేవు, ఏవ్‌బరీలోనే పని ముగించుకుని రావాలి. కారు లేనివాళ్లు స్విండన్ నుంచి డివైజెస్ వెళ్లే 49వ నంబరు బస్సులో ఏవ్‌బరీలో దిగి, సిల్బరీ గుట్ట పక్కగా నడవచ్చు.

మట్టి దిబ్బ పొడవు 100 మీటర్లు, గదులు మాత్రం తూర్పు కొసన కొద్ది భాగంలోనే. ఎదురుగా నిలబెట్టిన పెద్ద బండల వెనక నుంచి చుట్టి లోపలికి వెళ్లాలి. రెండు పక్కలా రెండేసి గదులు, చివర ఒకటి. తలెత్తి నిలబడొచ్చు, పైకప్పులో అమర్చిన గాజు దిమ్మల నుంచి పలచటి వెలుగు వస్తుంది. టార్చి తెచ్చుకుంటే మేలు.

క్రీ.పూ. 3650 ప్రాంతంలో కట్టారు. 1955-56లో పురావస్తు శాస్త్రవేత్తలు స్టువర్ట్ పిగట్, రిచర్డ్ అట్కిన్సన్ తవ్వినప్పుడు కనీసం 36 మంది ఎముకలు బయటపడ్డాయి. తర్వాత ఎముకల వయసు తేల్చిన కార్బన్ పరీక్షల ప్రకారం అన్నీ దాదాపు ఒక తరం కాలంలో పెట్టినవే. అంటే అక్కడున్నవాళ్లు ఒకరినొకరు ఎరిగినవాళ్లే అయి ఉంటారు. ఒక గదిలో ఎక్కువగా పిల్లల ఎముకలే. ఆ గదిలోకి తొంగిచూసి మా అమ్మ కాసేపు బయటికి రాలేదు. నేనూ పిలవలేదు.

మా నాన్నది ములుగు దగ్గర పల్లె. లోపల చుట్టూ చూసి, "ఇవి మన రాకాసి గుళ్ల లెక్కనే ఉన్నయి బిడ్డా" అన్నాడు. దామరవాయి అడవిలో బండలు నిలబెట్టి, పైన బండ కప్పిన సమాధులను మావాళ్లు అలాగే అంటారు. అవి ఇనుప యుగానివి, వీటికంటే చాలా తర్వాతివి. అయినా ఆయన కళ్లకు ఆ పోలిక దొరకడం నాకెంతో నచ్చింది.

రాత్రి బస మార్ల్‌బరోలో, పాత ఇంటి పై అంతస్తు గదిలో. మెట్లు ఇరుకు, హీటర్ సరిగా వేడెక్కలేదు. చెప్పగానే రెండు దుప్పట్లు తెచ్చిచ్చారు. శనివారం నాన్న శాకాహారమని ముందే చెబితే గుడ్డు లేకుండా విడిగా వండిపెట్టారు, అది మరిచిపోలేను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం కింది అంతస్తు గది అడిగి తీసుకోండి. మర్నాడు డివైజెస్‌లోని విల్ట్‌షైర్ మ్యూజియంలో ఈ సమాధిలో దొరికిన మట్టికుండలు చూశాం. టికెట్ కొనాల్సి వచ్చినా చూడదగినదే. ఈసారైతే ముందు మ్యూజియం చూసి, తర్వాతే సమాధికి వెళ్తాను.

లోపలి బండల్లో ఒకదాని మీద రాతిగొడ్డళ్లు నూరిన చోటు నున్నగా అరిగి ఉంటుంది, వెతికి తాకి చూడండి. నాన్న అక్కడ అరచేత్తో నిమిరి, "కొడవలి నూరితే రాయి గిట్లనే అరుగుతది" అని, వేలితో ఆ గాడిని చివరిదాకా పాముతూ ఉండిపోయాడు.