50 మీటర్లు, 200 మీటర్లు: నాలుగేళ్ల ఉప్పునీటి వాడకం తర్వాత

నాగావళిలో ఈతకు, కళింగపట్నం ఒడ్డున వాలీబాల్‌కు, ఎండన పడి సైకిలు తొక్కడానికి రెండు వాచీలు మార్చి మార్చి వాడాను. ఒకటి 50 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్ ఉన్నది, కీ మామూలుగా లోపలికి నొక్కేది. రెండోది 200 మీటర్లది, కీ మరతిప్పి బిగించేది.

వెనక మూత మీది అంకె చూసి అంత లోతుకు దిగొచ్చనుకోకండి. అది నీరు దూరకుండా ఆపే రబ్బరు వాషర్లు కొత్తగా ఉన్నప్పుడు, కదలని నీటి ఒత్తిడికి చెప్పిన లెక్క. 30 మీటర్లంటే వానకు, చేతులు కడుక్కోవడానికే. ఏట్లో నిదానంగా ఈదితే 50 చాలు. కెరటాల్లో ఆడేవాళ్లు 100కి తక్కువ కొనొద్దు.

50 మీటర్ల వాచీలో చెమ్మ చేరింది సెల్లు మార్పించిన రెండు వారాలకు. మూత తీస్తే పాత వాషరే ఉంది, నలిగి బల్లపరుపుగా అయిపోయి. దాని కింద గాడిలో ఒక్క ఇసక రేణువు. ఆ సందు చాలు నీటికి. అందుకే సెల్లు మార్చేటప్పుడు దగ్గరుండి గాడి తుడిపించండి, కొత్త వాషరు వేయించి పల్చగా సిలికాన్ గ్రీజు రాయించండి. ప్రెషర్ టెస్టు చేసే మెషీను ఆ షాపులో లేకపోతే, ఆ వాచీతో ఇక నీళ్లలో దిగకండి.

ఎండలో కాలిన వాచీతో గభాలున చల్లటి నీళ్లలోకి దూకడమూ మంచిది కాదు. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ఒత్తిడి తగ్గుతుంది, వాషరు నీరసంగా ఉంటే చెమ్మను లోపలికి లాగుతుంది. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే బియ్యం డబ్బాలో పెట్టి కూర్చోవద్దు. ఉప్పునీరైతే ఆ రోజే మూత తీయించాలి.

200 మీటర్ల దాంట్లోకి చుక్క దిగలేదు. కానీ బెల్టును పట్టి ఉంచే స్ప్రింగు పుల్ల తుప్పుపట్టి ఆటలోనే విరిగింది. పుల్ల పైకి తళతళలాడుతూనే ఉంటుంది, గొట్టం లోపలి స్ప్రింగును తుప్పు తినేసి ఉంటుంది. ఏడాదికోసారి రెండు పుల్లలూ మార్చేయండి. రెండు పుల్లల కిందుగా దూరే ఒకే ముక్క నైలాన్ బెల్టు వేస్తే, ఒకటి విరిగినా వాచీ చేతినే ఉంటుంది.

మన తీరపు ఇసకలో గార్నెట్ అనే ఖనిజం కూడా ఉంటుంది, మామూలు అద్దం కంటే గట్టిది. ఇసక అంటిన అద్దాన్ని చొక్కాతో తుడిస్తే గీతలు ఖాయం. ఇంటికి రాగానే కీ బిగించి ఉందో లేదో చూసుకుని, మంచినీళ్ల మగ్గులో ఐదు నిమిషాలు ఉంచి, మెత్తటి బ్రష్షుతో బెల్టు సందులు కడగండి. ఆ తర్వాతే బటన్లు నొక్కండి.