కంపెనీ పెట్టిస్తామని ఫోన్ చేస్తున్నారా? కాంట్రాక్టర్లూ, డబ్బు కట్టే ముందు ఇది చదవండి

సివిల్ పనులు చేసుకునే అన్నలకు, తమ్ముళ్లకు ఒక హెచ్చరిక. తక్కువ ధరకు ప్రైవేట్ లిమిటెడ్ పెట్టిస్తామని ఫోన్లు చేసే కన్సల్టెన్సీలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. అలాంటి ఒకదానికి డబ్బు కట్టాం. కంపెనీ వచ్చింది. టెండర్ వేయబోతే అసలు సంగతి బయటపడింది.

సీసీ రోడ్లు, డ్రైన్లు చేసిన ఇన్నేళ్ల ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు, కాంట్రాక్టర్ క్లాస్ రిజిస్ట్రేషన్ అన్నీ నా పేరు మీద, నా పాన్ మీద ఉన్నాయి. కంపెనీ అంటే చట్టం లెక్కలో వేరే మనిషి. దానికి కొత్త పాన్, కొత్త జీఎస్టీ నంబరు. చేసిన పని మాత్రం ఏమీ లేదు. "ఒక లెటర్ పెడితే అన్నీ కంపెనీకి మారిపోతాయి సార్" అన్నాడు అమ్మిన కుర్రాడు. అర్హతలు చూసే టెక్నికల్ బిడ్‌లోనే మమ్మల్ని పక్కన పెట్టేశారు. నిలదీస్తే, ప్యాకేజీ రిజిస్ట్రేషన్ వరకేనట!

ఖర్చుల గురించి కూడా ముందు నోరు విప్పలేదు. పని ఉన్నా లేకున్నా కంపెనీకి ఏటా ఆడిట్ తప్పదు. వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు ₹100 పడుతూనే ఉంటుంది. పెట్టిన 180 రోజుల్లోపు వ్యాపారం మొదలుపెట్టినట్టు ఐఎన్‌సీ-20ఏ అనే ఫారం వేయాలి, లేదంటే జరిమానా. ఇక పన్ను. మనం 44ఏడీ అని పిలుచుకునే అంచనా లాభం పద్ధతిలో రెండు కోట్ల టర్నోవర్ దాకా (నగదు 5% మించకపోతే మూడు కోట్ల దాకా), బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బులో 6% లాభం చూపితే సరిపోతుంది. అది సొంత పేరుతో చేసేవాళ్లకు, మామూలు పార్ట్‌నర్‌షిప్‌కు మాత్రమే. కంపెనీకీ లేదు, ఎల్‌ఎల్‌పీకీ (లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్) లేదు. బిల్లులో ముందే కోసే పన్ను, అంటే టీడీఎస్ కూడా 1% నుంచి 2% అవుతుంది.

కంపెనీ అప్పులు మీ సొంత ఆస్తి మీదకు రావు, "మీ ఇల్లు సేఫ్ సార్" అన్న మాట సగమే నిజం. సిమెంటు, స్టీలు బాకీల దాకా కొంత రక్షణ ఉంది, కాదనను. పెద్ద పనులు, పెద్ద అప్పులు ఉన్నవాళ్లకు అది అవసరమే. కానీ ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) ఇచ్చే బ్యాంకు డైరెక్టర్ల పర్సనల్ గ్యారంటీ అడగకుండా వదలదు.

పార్ట్‌నర్‌షిప్ అమ్మేవాళ్లతోనూ జాగ్రత్త. స్టాంపు పేపర్ మీద డీడ్ రాసి నోటరీ చేయించి పనైపోయింది అంటారు. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు కాకపోతే, బిల్లు ఎగ్గొట్టిన పార్టీ మీద ఆ కాంట్రాక్టు పట్టుకుని దావా వేయడం ఫర్మ్‌కు కుదరదు. మన లైన్‌లో ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంది?

డబ్బు కట్టే ముందు, మీరు పనులు చేసే శాఖ టెండర్ డాక్యుమెంటు వాళ్ల ముందు పెట్టండి. పాత అనుభవం కొత్త పేరుకు చెల్లుతుందని ఏ నిబంధనలో ఉందో చూపించమనండి, రాసివ్వమనండి. ఏటా అయ్యే ఫీజు ఎంతో కూడా అందులోనే రాయించుకోండి.

మా కంపెనీని ఇప్పుడు మూసేయిస్తున్నాం. ఆ దరఖాస్తు ఫీజే ₹10,000. అదీ పెండింగ్‌లో ఉన్న ఫారాలన్నీ వేశాకే తీసుకుంటారు.